మూర దూరపు చూపు

జొమ్‌రే కుట్టిన బట్టలు ఎవరూ రెండోసారి తొడుక్కోరు. కొలత సరిపోలేదని తిరిగొచ్చి పోట్లాడిన మనిషి ఇంతవరకూ లేడని ఆవిడే నవ్వుతూ చెబుతుంది. ఆన్‌దోంగ్ పట్నం చుట్టుపక్కల పోయినవాళ్ళకి నార బట్టతో ఆఖరి బట్టలు కుట్టే ఆడవాళ్ళు ఒకప్పుడు ప్రతి ఊళ్ళోనూ ఉండేవారు. ఇప్పుడా బట్టలు మిషను మీద కుట్టి, అట్టపెట్టెల్లో మడతపెట్టి, ఆసుపత్రి పక్కనుండే అంత్యక్రియల మందిరంలోనే అమ్ముతున్నారు. పెట్టెలోవి వద్దనుకునే మొండివాళ్ళు మాత్రం ఇంకా జొమ్‌రే గుమ్మం ఎక్కుతారు.

ఆ కుట్టుకి రెండు నియమాలు. దారానికి ముడి వెయ్యకూడదు. కుట్టు వెనక్కి రాకూడదు. ముడి ఉంటే పోయినవాళ్ళు దారిలో చిక్కుకుంటారట, వెనక్కి కుడితే వెనక్కి తిరిగి చూస్తారట. దీన్ని నిజంగా నమ్మేవాళ్ళు ఎంతమందో చెప్పలేం. నమ్ముతానని జొమ్‌రే కూడా ఎప్పుడూ అనలేదు. "ముడి వేసి ఎవరైనా కుడతారు. వెయ్యకుండా కుట్టడమే పని" అంటుంది, అంతే. దారం కొస బొటనవేలి కింద నొక్కిపెట్టి, మొదటి నాలుగు కుట్లూ దాని మీదుగా పోనిచ్చి, దారం అయిపోయినచోట కొత్త దారాన్ని పాతదాని పక్కన పడుకోబెట్టి ముందుకు సాగాలి. దీనికి వేళ్ళు కావాలి. అంతకంటే ముందు కళ్ళు కావాలి.

కళ్ళు పోతున్నాయని ఆవిడ చాలాకాలం ఒప్పుకోలేదు. ముందు బల్బును తిట్టింది, మార్పించింది. తర్వాత కొత్త బల్బును తిట్టింది. ఆ తర్వాత నార నాసిరకంగా వస్తోందని, అంతా పసుపుపచ్చగా ఉంటోందని నేతవాళ్ళని తిట్టింది. పక్కింటి బొంగిమ్ ఒకరోజు సూదిలో దారం ఎక్కించి ఇస్తూ, "అక్కా, నాకు పళ్ళు పోయాయి, నీకు కళ్ళు పోయాయి. ఇద్దర్నీ కలిపి కుట్టినా ఒక మనిషి తయారవదు" అంది.

"నీ నాలుక బాగానే ఉందిగా. దాంతో సర్దుకుపోదాం" అంది జొమ్‌రే.

అసలు సంగతి బయటపెట్టింది మొగుడు మాన్‌సొప్. ఆయన ఒకప్పుడు బొగ్గు గనిలో పనిచేశాడు. గని ఎప్పుడో మూసేశారు కానీ అందులోని దుమ్ము ఆయన ఊపిరితిత్తుల్ని వదల్లేదు. పైకప్పు కూలిన ఒక ప్రమాదంలో కుడి భుజం విరిగింది. ఆ చెయ్యి ఛాతీ ఎత్తు దాటి పైకి లేవదు. ఏళ్ళ తరబడి ఆయన గదిలో గోడకి దిండు ఆన్చుకుని కూర్చుంటే, ఆయన మోకాలి పక్కనే ఈవిడ కూర్చుని కుట్టేది. ఆ వసంతంలో ఎవరి తల్లికోసమో కుట్టిన చొక్కా చెయ్యి ఆయన ఒడిలో పడింది. ఊరికే వేళ్ళతో తడుముతూ ఆగిపోయాడు.

"మియోక్ అమ్మా, ఇదేంటి? ముడిలా ఉందే" అన్నాడు. కూతురి పేరుతోనే ఇద్దరూ ఒకర్నొకరు పిలుచుకునేది.

ఆవిడ లాక్కుని తడిమింది. ముడే. దారం మెలికపడి తనంతట తనే బిగుసుకుంది. కళ్ళు బాగుంటే అక్కడికక్కడే కనిపించేది. ఆవిడని భయపెట్టింది ఈ ఒక్క ముడి కాదు. అంతకుముందు రెండేళ్ళలో ఇచ్చేసినవి, మట్టిలోకి వెళ్ళిపోయినవి గుర్తొచ్చాయి. వాటిని విప్పి చూడటానికి లేదు.

మాన్‌సొప్ అన్నాడు: "కళ్ళు చేయించుకో. ఈ ఏడు అధిక మాసం వస్తోంది కదా. అప్పుడు నావి కుట్టేయ్."

ఆఖరి బట్టలు అధిక మాసంలో కుట్టుకుంటే ఆయుష్షు పెరుగుతుందని అక్కడ ఒక నమ్మకం. లెక్కలో లేని నెల కనుక ఆ రోజుల్లో పై లోకపు వాళ్ళెవరూ కిందికి చూడరట. ఊరందరివీ కుట్టిన మనిషి, తన మొగుడివి మాత్రం కుట్టలేకపోయింది. ఎప్పుడు కొలత తియ్యబోయినా, "నన్ను పంపించెయ్యాలని అంత తొందరగా ఉందా?" అని తోసేసేవాడు. ఇప్పుడు తనే అడిగాడు. అడిగాడంటే ఊపిరి లెక్క ఆయనకి తెలిసిపోయిందన్నమాట. ఆవిడ చొక్కా చెయ్యి విప్పడం మొదలుపెట్టింది.

కూతురు మియోక్ కారు వేసుకొచ్చి తల్లిని పట్నంలో కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. డాక్టరు దేవుడూ కాదు, దొంగా కాదు. బయట బెంచీల నిండా జనం ఉన్న ఒక అలసిపోయిన మనిషి. అయినా ఓపిగ్గానే చెప్పాడు.

"శుక్లం అంటే కంటి మీద పెరిగే పొర కాదు అమ్మగారూ. లోపల పుట్టినప్పట్నించీ ఉన్న కటకమే మసకబారుతుంది. చుక్కలతో కన్ను మొద్దుబార్చి, చిన్న గాటు పెట్టి, ధ్వని తరంగాలతో ఆ పాతదాన్ని నలగ్గొట్టి పీల్చేస్తాం. దాని సంచిలోనే కొత్త లెన్స్ పెడతాం. కుట్లు ఉండవు."

"కుట్లు లేవంటే ముడులూ లేవు" అంది జొమ్‌రే. "మా పనే."

డాక్టరుకి అర్థం కాలేదు, కానీ నవ్వాడు. లేజరుతో గాటు పెట్టే పద్ధతి కూడా ఉందనీ, ఈవిడ కంటికి దానివల్ల ఒరిగేది పెద్దగా లేదనీ చెప్పాడు. అసలు తేల్చుకోవాల్సింది లెన్స్ గురించి అన్నాడు. దూరం చూపుకి పెడితే టీవీ, బస్సు నంబరు, వీధి చివర మనిషి అద్దాలు లేకుండానే కనిపిస్తారు, సూది పనికి మాత్రం కళ్ళజోడు కావాలి. దగ్గర చూపుకి పెడితే సూది కనిపిస్తుంది, వీధికి కళ్ళజోడు కావాలి. రెండూ చూపించే రకం ఒకటుంది. అది వచ్చిన వెలుతురునే రెండుగా పంచుతుంది కనుక రాత్రిపూట దీపాల చుట్టూ వలయాలు కనిపిస్తాయి, మసక వెలుతుర్లో గీతలు పల్చబడతాయి. ఒక కన్ను దూరానికీ ఒక కన్ను దగ్గరకీ పెట్టించుకునేవాళ్ళూ ఉన్నారు. అందరికీ అది పడదు.

"రెండూ కనిపించేదే పెట్టించుకోమ్మా. లేకపోతే దూరానిది. అందరూ అదే పెట్టించుకుంటున్నారు" అంది మియోక్.

"అందరూ నార బట్ట కుడతారా?"

"కుట్టేటప్పుడు కళ్ళజోడు పెట్టుకో."

"ఎండల్లో చెమటకి జారి ముక్కు చివరికి వస్తుంది. ఒక చేత్తో దారం నొక్కిపెట్టి, ఇంకో చేత్తో సూది పట్టుకుంటే, దాన్ని పైకి తొయ్యడానికి మూడో చెయ్యి నీ దగ్గర్నించి తెచ్చుకోవాలి. పల్చబడే గీతలు నాకొద్దు. నార పోగే గీత."

డాక్టరు అడిగాడు: "రోజంతా మీరు ఎక్కువగా చూసేది ఎంత దూరంలో ఉంటుంది అమ్మగారూ?"

ఆవిడ మోచేయి మడిచి, అరచేయి కళ్ళముందు పెట్టి చూపించింది. "బట్ట ఇక్కడ. ఆయన దానికి కాస్త అవతల. నేను చూడాల్సింది అంతకంటే దూరం పోదు."

డాక్టరు రాసుకున్నాడు. కళ్ళు కుదురుకున్నాక, ఒక నెలకి, దూరం చూపు కళ్ళజోడు రాసిస్తానన్నాడు.

ఆపరేషన్ రోజున మొహం మీద కన్నం ఉన్న గుడ్డ కప్పారు. నొప్పి లేదు. పైన మూడు దీపాలు, కాసేపటికి అవి కరిగి ఒకటయ్యాయి. నీటి అడుగున పడుకుని సూర్యుణ్ణి చూస్తున్నట్టు గులాబీరంగు, నీలం, మళ్ళీ తెలుపు. ఏదో యంత్రం సన్నగా రొద చేసింది. చల్లటి నీళ్ళు చెంప మీదుగా చెవిలోకి పోయాయి. "కదలకండి, బాగా చేస్తున్నారు" అంటున్నాడు డాక్టరు, చేస్తున్నది ఆవిడైనట్టు. "అయిపోయింది" అన్నప్పుడు జొమ్‌రే, "అప్పుడేనా? నేనింకా భయపడటం మొదలుపెట్టనేలేదు" అంది. రెండో కన్ను మరో వారానికి చేశారు.

రెండో కంటి మీది గట్టి మూత తీసిన ఉదయం ఇంటికొచ్చి, మొట్టమొదట మొగుడి మోకాలి పక్కన కూర్చుని ఆయన మొహంలోకి చూసింది. నుదుటి మీద, కంటి పక్కన చర్మం కింద బొగ్గు ఇరుక్కుపోయి ఏర్పడ్డ నీలం మచ్చలు. అవి ఉన్నాయన్న సంగతే ఆవిడ మరిచిపోయింది. పెదవులూ నీలంగానే ఉన్నాయి. ఆ నీలం బొగ్గుది కాదని ఆవిడకి తెలుసు.

"ఏంటయ్యా ఇంత ముసలాడివైపోయావు?"

"నీ కళ్ళు బాగైతే నాకేం లాభం అనుకున్నాను. తిట్లు పెరుగుతాయన్నమాట" అన్నాడాయన ఒక్కో మాటకీ ఆగి. "నువ్వేమో పదహారేళ్ళ పిల్లవి."

"అద్దంలో చూసుకున్నాలే. ఆ ముసల్దెవరా అనుకున్నాను."

గుమ్మం అవతల మాత్రం అన్నీ కలిసిపోయి ఉన్నాయి. చెట్లు పచ్చటి ముద్ద. బొంగిమ్ నడిచొస్తుంటే నడక చూసి గుర్తుపట్టడమే. ఆవిడకి అదేం లోటుగా అనిపించలేదు. గోడ మీద ఆసుపత్రివాళ్ళ సూచనల కాగితం మియోక్ అంటించింది. కంట్లో నీళ్ళు పడకూడదు, వంగి బరువు ఎత్తకూడదు, కన్ను నలపకూడదు, చుక్కలు మానకూడదు, దుమ్ములో పనిచెయ్యకూడదు, నెల తర్వాత కళ్ళజోడు. నారకి దుమ్ము ఉంటుంది. అందుకని అధిక మాసం అప్పటికే మొదలైనా ఆవిడ సూది ముట్టలేదు. బట్టని తడిపి, ఆరబెట్టి, మడతపెట్టి చూస్తూ కూర్చుంది. ఆ ఊళ్ళో డాక్టరు పెట్టిన గడువంటే పంచాంగంలో అచ్చైన తిథితో సమానం. ఎవరూ జరపరు, ఎందుకని అడగరు.

సూది పట్టుకోవచ్చని డాక్టరు చెప్పిన రోజునుంచి కుట్టింది. మాన్‌సొప్ పక్కనే గోడకి ఆనుకుని చూస్తుండేవాడు. కొలతలు తీస్తుంటే, "కాస్త వదులుగా కుట్టు. అక్కడ తిండి బాగుంటే లావెక్కుతానేమో" అన్నాడు. పోగు మీద పోగు, కుట్టు పక్కన కుట్టు, అన్నీ కనిపిస్తున్నాయి. ఇంత శుభ్రంగా ఆవిడ నలభయ్యో పడిలో కూడా కుట్టలేదు. పనిలో ఉన్న సంతోషం, ఆ పని ఎందుకోసమన్న దిగులు, రెండూ ఒకే చేతిలో ఎలా ఇముడుతాయో వివరించమంటే ఆవిడ వల్ల కాదు. సూది నడిచేది. అప్పుడప్పుడూ ఆగేది.

చొక్కా పూర్తయిన రోజే ఆయనకి జ్వరం వచ్చింది. దగ్గులో రక్తం పడింది. అంబులెన్సులో ఆన్‌దోంగ్ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. గని దుమ్ము పట్టిన ఊపిరితిత్తుల్లో క్షయ చేరిందన్నారు, వేరుగా గాజు గదిలో పెట్టారు. ఎవర్నీ లోపలికి రానివ్వం, అందులోనూ ఈ వయసులో, కళ్ళకి ఆపరేషన్ అయి నెలైనా కాని మనిషిని అసలు రానివ్వం, కిటికీ అద్దంలోంచి చూడొచ్చు అన్నారు.

మాస్కు కట్టుకుని, మియోక్ చెయ్యి పట్టుకుని జొమ్‌రే ఆ అద్దం ముందు నిలబడింది. లోపల మంచం అవతలి గోడ పక్కన ఉంది. ఆవిడకి కనిపించింది తెల్లటి ముద్ద. ముద్దకి ఒక చివర కాస్త నల్లగా ఉంది. జుట్టు కావచ్చు, దిండు నీడ కావచ్చు. పక్కన పొడుగ్గా ఏదో నిలబడి ఉంది. అది నర్సనుకుని తల వంచి నమస్కరించింది. అది సెలైన్ కడ్డీ.

లోపలి నర్సు ఆయన చెవి దగ్గర ఫోను పెట్టింది.

"మియోక్ నాన్నా, నేను. చొక్కా అయిపోయింది. చేతి తొడుగులూ అయిపోయాయి. ఇంక పాదాలవే."

ఫోన్లో ఊపిరి. రంపంతో తడి కట్టె కోస్తున్నట్టు ఊపిరి. దాని మధ్యలో, "తొందర... పడకు" అన్న మాట వచ్చింది.

జొమ్‌రే మాస్కు వెనక నవ్వింది. ఆ మాట కుట్టుకి చెప్పాడో దేనికి చెప్పాడో అడుగుదామనుకుంది. నర్సు ఫోను తీసేసింది.

"ఎలా ఉన్నాడే?" అంది అద్దానికి మొహం ఆన్చి. అద్దానికి ఎంత ఆన్చినా మంచం దగ్గరికి రాలేదు.

"బాగానే ఉన్నాడమ్మా. మనవైపే చూస్తున్నాడు. నవ్వుతున్నాడు."

"నవ్వుతున్నాడా?"

"చెయ్యి ఊపుతున్నాడు కూడా. తలమీదికెత్తి మరీ ఊపుతున్నాడు, చూడు."

"ఏ చెయ్యి?"

"కుడి చెయ్యి."

ముప్ఫై ఏళ్ళుగా చొక్కా చేతిలోకి ఆ చెయ్యి ఎక్కించింది తను. లేవని చేతిని లేపి చూపించేంత అవసరం మియోక్‌కి వచ్చిందంటే, అద్దం అవతల ఉన్నది ఆవిడ చూడాల్సింది కాదన్నమాట. లేదా, ఆవిడే చూడాల్సింది. ఆ తెల్లటి ముద్దకేసి తన చెయ్యి ఎత్తి, మెల్లగా ఊపింది. చాలాసేపు ఊపింది.

ఇంటికెళ్ళాక పాదాల తొడుగులు ముందేసుకుని కూర్చుంది. బొంగిమ్ గంజి కాచి తెచ్చింది. "ముందు నాలుగు మెతుకులు తినక్కా" అంది. జొమ్‌రే తినలేదు. "కళ్ళు తెప్పించుకుని ఏం లాభమే బొంగిమ్? ఆయన మొహం చూడలేని దూరంలో పెట్టారు" అంది. బొంగిమ్ సూది చేతిలోకి తీసుకుంది. సూదిలో దారం ఎక్కించబోయి, ఇప్పుడు ఆ అవసరం లేదని గుర్తొచ్చి, కింద పెట్టేసింది.

అధిక మాసం దాటాక మూడోనాడు ఉదయం ఆసుపత్రినుంచి ఫోను వచ్చింది. పాదాల తొడుగులు అప్పటికే పూర్తయ్యాయి. ఆయుష్షు పెరుగుతుందన్న నమ్మకం సంగతి ఎవరూ ఎత్తలేదు, బొంగిమ్ కూడా.

అంత్యక్రియల మందిరంలో శరీరాన్ని కడిగి, బట్టలు తొడిగేటప్పుడు ఇంటివాళ్ళని లోపలికి పిలిచారు. ఇప్పుడు అద్దం లేదు. బల్ల పక్కనే నిలబడనిచ్చారు. డాక్టరు కుదిర్చిన దూరంలో, మూరెడు అవతల, మాన్‌సొప్ ఉన్నాడు. ఒక్కో వెంట్రుకా కనిపించింది. గడ్డం కింద గీసేటప్పుడు తెగిన చిన్న గాటు కనిపించింది. అది తాజాది. ఎవరో తెలియని మనిషి గీసినది. మెడ దగ్గర మడత సరిచేసింది. కుట్లు నీటి మీద గీతల్లా ఎక్కడా ఆగకుండా సాగాయి. మందిరంలో పనిచేసే పెద్దాయన వేళ్ళతో అంచు తడిమి, "ఎవరు కుట్టారమ్మా? ఈమధ్య ఇలాంటివి చూడలేదు" అన్నాడు.

"ఈయన పెళ్ళాం" అంది జొమ్‌రే.

నెల గడువు పూర్తయ్యాక మియోక్ ఆవిణ్ణి కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. డాక్టరు దీపం వేసి చూసి, బాగా కుదురుకున్నాయన్నాడు. కొన్నేళ్ళకి లెన్స్ వెనకున్న సంచి మసకబారితే భయపడొద్దని, లేజరుతో అక్కడే కూర్చోబెట్టి శుభ్రం చేస్తారని చెప్పాడు. దూరం చూపు కళ్ళజోడు కొలత రాస్తూ అడిగాడు:

"ఈ నెల్లాళ్ళూ దూరం చూడాల్సినవి ఎలా నెట్టుకొచ్చారు?"

"చూడలేదు" అంది జొమ్‌రే.

"అరె, అవసరం పడితే చెప్పాల్సింది. కొలత కాస్త మారుతుందని నెల ఆగమంటాం కానీ, మధ్యలో తాత్కాలికంగా ఒక చవక జత పెట్టుకోవచ్చు. కంటికేం కాదు. కింద షాపులోనే చేసిస్తారు."

ఆయన తప్పు చేసినవాడిలా చెప్పలేదు, ఆయనకి తెలియదు కనుక. జొమ్‌రే "అలాగా" అంది. పక్కన మియోక్ కదల్లేదు. సూచనల కాగితం గోడకి అంటించింది తనే, చుక్కల వేళలు గుర్తుచేసింది తనే. లేచి, "కారు తీసుకొస్తానమ్మా, నువ్వు కళ్ళజోడు తీసుకుని కిందికి రా" అని తల్లి మొహం చూడకుండా వెళ్ళిపోయింది.

కింద షాపులో కుర్రది ఫ్రేము చెవుల మీద సర్ది, "అవతలికి చూడండి అమ్మమ్మగారూ" అంది. అద్దాల తలుపు అవతల లోకం ఒక్కసారి దూరంగా జరిగి, దేని చోట్లో అది నిలబడింది. ఎదుటి మేడ మీద ఆరేసిన దుప్పటి, కరెంటు తీగ మీద పిట్ట, కార్లు నిలిపే స్థలం చివర మియోక్.

మియోక్ కారు తలుపు తెరిచి పట్టుకుని నిలబడి ఏడుస్తోంది. ఈ దూరాన తల్లికి ఏమీ కనిపించదన్న ధీమాతో, మొహం దాచుకోకుండా, చిన్నప్పుడు పడిపోయి మోకాలు చీరుకున్నప్పటిలా నోరు తెరిచి ఏడుస్తోంది. ఆసుపత్రిలో ఏడవలేదు, మందిరంలో ఏడవలేదు. అందరికీ భోజనాలు పెట్టించింది, వచ్చినవాళ్ళ చెప్పులు సర్దించింది.

"ఎలా ఉందండీ, స్పష్టంగా ఉందా?" అంది షాపు కుర్రది.

"ఉందమ్మా."

జొమ్‌రే కళ్ళజోడు తీసి పెట్టెలో పెట్టింది. పెట్టె చేతిసంచిలో అడుక్కి తోసింది. బయటికొచ్చి, ఎదురుగా ఉన్న మసకలోకి, కాళ్ళు ఈడ్చి చప్పుడు చేస్తూ మెల్లగా నడిచింది. మొహం తుడుచుకోవడానికి మియోక్‌కి వ్యవధి ఉండాలి.

"ఎక్కడున్నావే?" అని పిలిచింది. "నాకేం కనిపించడం లేదు. గొంతు వినిపించు."